బఫన్ 45 ఏళ్ళ దాకా ఎలా ఆడాడు? గోల్ పడ్డాక కీపర్ ఏం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీకు 17 ఏళ్ళు, జట్టుకు గోల్‌కీపర్‌వి, ఇటలీ గోల్‌కీపర్ జాన్‌లూయీజీ బఫన్ అంటే ప్రాణం. ఆయన 17 ఏళ్ళకే ఇటలీ టాప్ లీగ్‌లో దిగి 45 ఏళ్ళకు రిటైర్ అయ్యాడు కదా, అన్నేళ్ళు ఎలా ఆడగలిగాడని అడిగావు. యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఒక్కసారి కూడా గెలవనివాణ్ణి అంత గొప్ప కీపర్ అని ఎందుకంటారని కూడా అడిగావు. చివర్లో ఇంకో ముక్క రాశావు, పోయిన వారం మ్యాచ్‌లో బంతి చేతుల్లోంచి జారి గోల్ పడిందని, అప్పటినుంచి సరిగా నిద్ర పట్టడం లేదని. అన్నిటికంటే ముందు జవాబు చెప్పాల్సింది దానికే అనిపించింది నాకు.

సూటిగా చెప్తాను. బఫన్‌ని అంతకాలం నిలబెట్టినవి మూడు. కీపర్ పని మిగతా ఆటగాళ్ళ పనితో పోలిస్తే ఒంటిని నెమ్మదిగా అరగదీస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆయన తన ఆటను మార్చుకుంటూ వచ్చాడు. ఇక మూడోది, పడిన గోల్‌ని అక్కడే వదిలేసి తర్వాతి బంతికి సిద్ధం కావడం ఆయనకు తెలుసు, అది కూడా పుట్టుకతో వచ్చింది కాదు, చాలా బాధపడి నేర్చుకున్నాడు. మొదటి రెండూ ఎంతోమంది కీపర్లకు ఉంటాయి. మూడోది లేక మంచి చేతులున్న కుర్రాళ్ళు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే గ్లవ్స్ పక్కన పడేయడం నేను కళ్ళారా చూశాను.

నా గురించి ఒక్క మాట. కాలేజీ జట్టుకు, తర్వాత ఒక కంపెనీ జట్టుకు కీపర్‌గా ఆడాను, పద్నాలుగేళ్ళుగా పిల్లలకు కీపింగ్ నేర్పుతున్నాను. పెద్ద స్థాయిలో ఆడలేదు. కానీ గోల్ పడ్డాక కీపర్ మొహం ఎలా ఉంటుందో మాత్రం కొన్ని వందలసార్లు దగ్గర నుంచి చూశాను.

ముందు ఆయన కెరీర్ కాస్త చూద్దాం, ఎందుకంటే నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

బఫన్ 1978 జనవరి 28న ఇటలీలోని కర్రారాలో పుట్టాడు. అమ్మ డిస్కస్ త్రో, నాన్న షాట్‌పుట్, అంటే ఒళ్ళు గట్టిదే, ఆ లాభం ఉంది, దాచిపెట్టాల్సిన పని లేదు. కానీ చిన్నప్పుడు ఆయన కీపర్ కాదు, మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడు. 1990 ప్రపంచ కప్‌లో కామెరూన్ కీపర్ థామస్ ఎన్‌కోనోని చూసి గోల్ ముందు నిలబడాలన్న కోరిక పుట్టింది, ఆ అభిమానంతోనే తర్వాత కొడుకు పేరులో థామస్ అని చేర్చుకున్నాడు. ఇక్కడ ఒక విషయం గమనించు. 1992లో బ్యాక్‌పాస్ నిబంధన వచ్చింది, మన ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదు. చేతులనే నమ్ముకున్న కీపర్లు చాలామందికి ఆ రోజుల్లో కాళ్ళతో ఏం చేయాలో తోచలేదు. అంతకుముందు దాకా మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన కుర్రాడికి అది అంత పెద్ద సమస్య కాలేదు. అందుకే నా దగ్గరికి కీపింగ్ నేర్పమని పదేళ్ళ పిల్లాణ్ణి తీసుకొస్తే, వారంలో సగం రోజులు బయట ఆడించమని చెప్తాను.

1995 నవంబర్ 19, బఫన్ క్లబ్ పార్మాకి ఏసీ మిలాన్‌తో మ్యాచ్. రెగ్యులర్ కీపర్ బుచ్చికి గాయం కావడంతో కోచ్ నెవియో స్కాలా 17 ఏళ్ళ కుర్రాణ్ణి దింపాడు. ఎదురుగా రాబర్టో బాజియో, జార్జ్ వీయా లాంటి పేరున్న ఫార్వర్డ్‌లు. మ్యాచ్ 0-0తో ముగిసింది. ఆ మ్యాచ్ క్లిప్పులు ఉంటే చూడు, గాల్లో ఎగరడాలు చూసి ఆగిపోకు. షాట్ కొట్టేముందు ఆ కుర్రాడి పాదాలు చూడు. నేల మీద ఉంటాయి. రెండేళ్ళు తిరక్కుండానే 1997 అక్టోబర్‌లో, మాస్కోలో మంచు పడుతుంటే, ప్రపంచ కప్ ప్లేఆఫ్‌లో పాగ్లియుకా గాయపడి బయటికి వెళ్తే లోపలికి వెళ్ళి ఇటలీ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. మ్యాచ్ 1-1. ఆ పడిన ఒక్క గోల్ కూడా ఇటలీ డిఫెండర్ కన్నవారోకే తగిలి లోపలికి పోయింది, ఓన్ గోల్. జాతీయ జట్టు కెరీర్ మొదలైన రోజే తన తప్పు లేకుండా గోల్ పడింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బఫన్ ఆడిన రెండు షూటౌట్‌లు, అంటే ఆట సమంగా ముగిస్తే పెనాల్టీలతో తేల్చేవి, పక్కపక్కన పెట్టి చూడు.

2003 మే, ఓల్డ్ ట్రాఫర్డ్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, అప్పటికి బఫన్ ఆడుతున్న యువెంటస్‌కి మిలాన్‌తో. 0-0తో పెనాల్టీలకు వెళ్ళింది. బఫన్ రెండు ఆపాడు, సీడార్ఫ్‌ది ఒకటి, కలాద్జేది ఒకటి. ఒక షూటౌట్‌లో రెండు ఆపడం అంటే కీపర్ చేయగలిగింది చేసేసినట్టే. కానీ అవతల డీడా మూడు ఆపాడు. కప్పు మిలాన్‌కి పోయింది.

2006 జులై 9, బెర్లిన్, ప్రపంచ కప్ ఫైనల్, ఫ్రాన్స్‌తో. 1-1, మళ్ళీ పెనాల్టీలు. ఈసారి బఫన్ ఒక్కటి కూడా ఆపలేదు. ఒక్కటంటే ఒక్కటి. ట్రెజెగె కొట్టింది బార్‌కి తగిలి బయటపడింది, ఇటలీ వాళ్ళు ఐదూ వేశారు, 5-3. బఫన్ ప్రపంచ విజేత అయ్యాడు.

అర్థమైందా తమ్ముడూ? రెండు ఆపినరోజు ఓడిపోయాడు, ఏదీ ఆపనిరోజు గెలిచాడు. మరి ఫలితాన్ని బట్టి కీపర్ తనని తాను కొలుచుకుంటే ఏమవుతాడు చెప్పు? ఛాంపియన్స్ లీగ్ లేదు కాబట్టి గొప్పవాడు కాదనేవాళ్ళకి నేను చెప్పే జవాబు కూడా ఇదే. 2015లో బెర్లిన్‌లోనే బార్సిలోనా చేతిలో 3-1, 2017లో కార్డిఫ్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 4-1, మొత్తం మూడు ఫైనళ్ళు ఓడిపోయాడు. మూడుసార్లు ఫైనల్ దాకా వచ్చిన జట్టుకి పద్నాలుగేళ్ళ తేడాతో కీపర్ ఒక్కడే అన్న విషయం ఎవరూ చెప్పరు.

అలాగని 2006లో ఆయన చేసిందేమీ లేదనుకోకు. ఆ టోర్నమెంట్‌లో ఏడు మ్యాచ్‌ల్లో ఆయనకు పడినవి రెండే గోల్స్, అమెరికా మీద జక్కార్దో వేసుకున్న ఓన్ గోల్, ఫైనల్లో జిదాన్ పెనాల్టీ. నడుస్తున్న ఆటలో ఎదుటి జట్టు ఆటగాడు ఎవరూ ఆయన మీద గోల్ వేయలేకపోయాడు. ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో జిదాన్ హెడర్ ఆపాడు చూడు, నేను మా పిల్లలకు అన్నిటికంటే ఎక్కువసార్లు చూపించే సేవ్ అదే. కుడి పక్కనుంచి సాన్యోల్ క్రాస్ వేశాడు, జిదాన్ ఎవరూ అడ్డం లేకుండా నుదుటితో గట్టిగా కొట్టాడు, బంతి పైకి, దాదాపు మధ్యలోకే వచ్చింది. చూసేవాళ్ళకు అదేముంది, నేరుగా వచ్చింది కదా అనిపిస్తుంది. కానీ క్రాస్ గాల్లో ఉన్నంతసేపూ కీపర్ పక్కకు కదులుతూ ఉండాలి, హెడర్ తగిలే క్షణానికి ఆగిపోవాలి, రెండు కాళ్ళూ నేల మీద ఉండాలి, బరువు ముందుకు ఉండాలి. అప్పుడే పైకి ఎగరగలడు. ఇంకా కదులుతూనే ఉంటే అంత దగ్గర నుంచి వచ్చిన బంతికి చెయ్యి లేచేలోపు పని అయిపోతుంది. బఫన్ ఆగాడు, ఎగిరాడు, చేత్తో బార్ పైకి నెట్టేశాడు. ఆ వెంటనే జిదాన్ మొహం చూడు, నోరు తెరిచి అరుస్తున్నాడు.

నువ్వు రాసిన దాన్నిబట్టి చూస్తే నీ బంతి జారడానికి కారణం కూడా చేతులు కాకపోవచ్చు. నా అనుభవంలో జారిన బంతుల్లో చాలావరకు కాళ్ళ దగ్గరే మొదలవుతాయి. మూడేళ్ళ కింద నా దగ్గర ఒక పొడుగాటి కుర్రాడు ఉండేవాడు, అద్భుతంగా డైవ్ చేసేవాడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. కానీ మ్యాచ్‌కి కనీసం ఒకటి చేతికి తగిలి లోపలికి పోయేది. ఫోన్‌తో వీడియో తీసి ఒక్కో ఫ్రేమ్ ఆపి చూపించాను. ఎదుటివాడి కాలు బంతికి తగిలే క్షణంలో ప్రతిసారీ మనవాడి రెండు పాదాలూ గాల్లో ఉన్నాయి. ముందే చిన్న గెంతు వేస్తున్నాడు, కిందికి దిగేసరికి బంతి సగం దూరం వచ్చేస్తోంది. మూడు నెలలు ఒక్కటే పని చేయించాను, షాట్ కొట్టే క్షణానికి పాదాలు నేల మీద. అంతే. తర్వాత వాళ్ళ నాన్న వచ్చి అడిగారు, "ఏంటి సర్, ఈ మధ్య వాడు దూకడం మానేశాడు?" అని. దూకాల్సిన అవసరం తగ్గిందండీ, బంతి వచ్చే చోట ముందే నిలబడుతున్నాడు అని చెప్పాను.

బఫన్ వయసు పెరిగాక మార్చుకున్నది కూడా ఇదే. ఇరవైల్లో వేగంతో సరిదిద్దుకున్న తప్పుల్ని ముప్పై ఐదు దాటాక నిలబడే చోటుతో సరిదిద్దాడు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, అది ఎవరికీ మారదు. షాట్ కొట్టేవాడికి, రెండు పోస్టులకి మధ్య ఒక త్రిభుజం ఊహించుకో, నువ్వు ఒక అడుగు ముందుకు వేస్తే అటూ ఇటూ మూసుకోవాల్సిన ఖాళీ ఎంత తగ్గుతుందో తాడు కట్టి చూడు, నీకే తెలుస్తుంది. మేం నిజంగానే రెండు పోస్టులకీ తాడు కట్టి, రెండో కొసలు బంతి దగ్గర పట్టుకుని పిల్లల్ని మధ్యలో నిలబెడతాం. ఆ సరైన అడుగు ఎక్కడ వేయాలో తెలియడానికి ఏళ్ళు పడుతుంది. కీపర్లు ముప్పై దాటాక బాగుపడతారని అనేది ఇందుకే.

2016లో ఆయనకు 38 ఏళ్ళు. జనవరి నుంచి మార్చి దాకా వరసగా పది లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ పడలేదు, మొత్తం 974 నిమిషాలు, ఇటలీ టాప్ లీగ్ సీరీ ఏ రికార్డు. అంతకుముందు 929 నిమిషాలతో మిలాన్ కీపర్ సెబాస్టియానో రోసీ పేరున ఉండేది. మార్చి 20న అదే ఊరి క్లబ్ టొరినోతో డెర్బీలో బెలోట్టి పెనాల్టీతో అది ఆగింది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఆ 974 నిమిషాలు ఆయన ఒక్కడివే కావు. ముందర బర్జాలీ, బొనూచీ, కియెల్లీనీ లాంటి డిఫెండర్లు ఉన్నారు. క్లీన్ షీట్, అంటే గోల్ పడని మ్యాచ్, నీ ఒక్కడిదీ కానట్టే, పడిన గోల్ కూడా నీ ఒక్కడిదీ కాదు. పిల్లలు మొదటిది ఇష్టంగా ఒప్పుకుంటారు, రెండోది ఎంత చెప్పినా ఎక్కదు. నీకూ ఎక్కడం లేదనుకుంటా.

ఇక ఒంటి సంగతి. బయట ఆడేవాళ్ళు మ్యాచ్‌కి సుమారు పది కిలోమీటర్లు పరిగెడితే కీపర్ అందులో సుమారు సగమే కదులుతాడు. అందుకే డీనో జోఫ్ 40 ఏళ్ళకు కెప్టెన్‌గా 1982 ప్రపంచ కప్ గెలిచాడు, ఈజిప్టు కీపర్ ఎసామ్ ఎల్ హదారీ 45 ఏళ్ళకు 2018 ప్రపంచ కప్‌లో ఆడి పెనాల్టీ కూడా ఆపాడు. కానీ ఇది విని కీపర్ ఒళ్ళు అరగదనుకోకు. వేళ్ళు, భుజాలు, తుంటి, నడుము దెబ్బతింటాయి. నా కుడి చేతి ఉంగరం వేలు మొదటి కణుపు దగ్గర ఇప్పటికీ పూర్తిగా వంగదు, బెణికిన రోజు ఐస్ పెట్టకుండా రెండో అర్ధభాగం కూడా ఆడాను, ఆ తప్పు నువ్వు చేయకు. బఫన్‌కి కూడా 2010 ప్రపంచ కప్ నడుము నొప్పితో మొదటి మ్యాచ్ సగంలోనే అయిపోయింది. పీటర్ చెక్‌కి 2006లో ఎదుటివాడి మోకాలు తగిలి పుర్రె ఎముక విరిగింది, ఆ తర్వాత 2019లో రిటైర్ అయ్యేదాకా తలకి రక్షణ టోపీ పెట్టుకునే ఆడాడు. తలకి దెబ్బ తగిలితే, కళ్ళు కాస్త తిరిగినా సరే, ఆ రోజుకి ఆట బంద్. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు, కోచ్ మాట కూడా.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. బఫన్ కెరీర్ చూసి కీపర్లందరికీ అంత బతుకు ఉంటుందనుకుంటే మోసపోతావు. జట్టులో కీపర్ కుర్చీ ఒక్కటే. స్ట్రైకర్లు ఇద్దరు ముగ్గురు తిరుగుతూ ఆడతారు, కీపర్ ఒక్కడే ఆడతాడు, మిగతావాళ్ళు వార్మప్ చేసి కూర్చుంటారు. 2000 యూరో కప్‌కి ముందు బఫన్ చెయ్యి విరిగింది. ఆయన బదులు ఫ్రాన్సెస్కో టోల్డో ఆడాడు, నెదర్లాండ్స్‌తో సెమీఫైనల్లో ఆట మధ్యలో ఒక పెనాల్టీ, షూటౌట్‌లో ఇంకో రెండు ఆపి జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. ఒక కీపర్ ఒక్క మ్యాచ్‌లో అంతకంటే ఏం చేయగలడు? అయినా తర్వాత ఆ చోటు మళ్ళీ బఫన్‌దే అయింది. నాకు టోల్డో మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను. నా దగ్గర రెండు సీజన్లు బెంచ్ మీదే ఉన్న ఒక కుర్రాడు ఉన్నాడు, ఒక్క ప్రాక్టీస్ మానలేదు, మొదటి కీపర్‌కి వార్మప్‌లో బంతులు వేస్తూనే ఉన్నాడు, మూడో ఏడు అతనికి చోటు దొరికింది. మరో ఇద్దరు అంతే ఓపిక పట్టారు, దొరకలేదు. ఇది నీకు ముందే తెలియాలి, చదువు పక్కన పెట్టకు.

ఇప్పుడు నీ నిద్ర సంగతి.

2003 ఫైనల్ ఓడిన తర్వాతి సీజన్‌లో బఫన్ డిప్రెషన్‌లోకి వెళ్ళాడు. అప్పటికి ఆయన ప్రపంచంలో అత్యంత ఖరీదైన గోల్‌కీపర్, 2001లో యువెంటస్ ఆయన కోసం సుమారు 5 కోట్ల యూరోలు పెట్టింది, వరసగా రెండు లీగ్‌లు గెలిచాడు, ఇరవై ఆరేళ్ళు. బయటినుంచి చూస్తే ఏ లోటూ లేదు. లోపల మాత్రం కాళ్ళు వణికేంత టెన్షన్. తర్వాత ఈ విషయం ఆయనే బయటికి చెప్పాడు, సైకాలజిస్ట్‌ని కలిశానని చెప్పాడు, టూరిన్‌లో చిత్రకారుడు షగాల్ బొమ్మల ప్రదర్శనకు వెళ్ళడం కూడా తనకి మేలు చేసిందని చెప్పాడు. ఫుట్‌బాల్‌కి ఏ సంబంధం లేని ఒక బొమ్మ ముందు నిలబడితే మనసు తేలికైంది. రెండేళ్ళకు ఆ మనిషే ప్రపంచ కప్ ఎత్తాడు.

ఆ తర్వాతి వారాల్లోనే మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో యువెంటస్‌ని రెండో డివిజన్‌కి దించేశారు. కన్నవారో, ఇబ్రహీమోవిచ్ లాంటివాళ్ళు వేరే క్లబ్‌లకు వెళ్ళారు. బఫన్ ప్రపంచ విజేత హోదాలో సీరీ బీలో ఆడాడు, దెల్ పియెరో, నెద్వెద్, ట్రెజెగెలతో కలిసి. నడుస్తున్న కెరీర్‌లో ఒక మెట్టు కిందికి దిగడానికి ఒప్పుకున్నవాడికి ఒక గోల్ పడితే ఏమవుతుంది చెప్పు.

పొరపాట్లు ఆయనకీ పడ్డాయి, చిన్నవేమీ కాదు. 2012 మే 2, లెచ్చెతో మ్యాచ్, యువెంటస్ టైటిల్‌కి అడుగు దూరంలో ఉంది, ఆ సీజన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడలేదు. 1-0తో ముందున్నారు, ఇంకో ఐదు నిమిషాలు. ఒక మామూలు బ్యాక్‌పాస్ వచ్చింది. బంతి కాలి కింద సరిగా ఆగలేదు, ముందుకు జారింది, బెర్టొలాచీ లాక్కుని ఖాళీ గోల్‌లో వేశాడు. నీ బంతి జారినట్టే, కాకపోతే దేశమంతా చూస్తుండగా. నాలుగు రోజుల తర్వాత కల్యారీ మీద అదే బఫన్ గోల్ ముందు నిలబడ్డాడు, 2-0, టైటిల్ వచ్చింది. 2019లో ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీకి ఆడుతూ మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌లో రాష్‌ఫోర్డ్ షాట్ చేతుల్లోంచి జారితే లుకాకు గోల్ వేశాడు, జట్టు టోర్నీ నుంచే పోయింది. అప్పుడాయనకు 41. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆడాడు.

ఆవేశం కూడా ఉంది, దేవుణ్ణి చేసి చూపించడం లేదు. 2018లో మాడ్రిడ్‌లో ఎదుటి జట్టుకి ఇచ్చిన చివరి నిమిషం పెనాల్టీకి రిఫరీ మీదికి వెళ్ళి రెడ్ కార్డ్ తిన్నాడు, మ్యాచ్ అయ్యాక అన్న మాటలకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ మూడు మ్యాచ్‌లు నిషేధించింది. అది నేర్చుకోవాల్సింది కాదు.

నా సొంత కథ ఒకటి చెప్తాను. ఒక సెమీఫైనల్లో నెమ్మదిగా దొర్లుతూ వచ్చిన బంతి నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. మొహం ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఎనిమిది నిమిషాలకు ఒక క్రాస్ వచ్చింది, అది నాది కాదు, మా స్టాపర్ బ్యాక్‌ది, వాడు హాయిగా హెడ్ చేసి పంపేస్తాడు. కానీ నేను ఆ గోల్ అప్పు తీర్చేయాలని పరిగెత్తుకుంటూ వెళ్ళాను, వాణ్ణి గుద్దుకున్నాను, ఖాళీ గోల్‌లో రెండోది పడింది. ఓడిపోయింది రెండోదాని వల్ల. మొదటి గోల్ పొరపాటు, ఎవరికైనా పడుతుంది. రెండోది నేనే తెచ్చుకున్నాను, తల ఇంకా మొదటి గోల్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి.

అందుకని ఇప్పుడు మా పిల్లలకు గోల్ పడ్డాక ఒక పద్ధతి పెట్టాను. నెట్‌లోంచి బంతి నువ్వే తియ్యి, వేరేవాడు తీసేదాకా తల పట్టుకుని కూర్చోకు. గ్లవ్స్ పట్టీ విప్పి మళ్ళీ బిగించుకో. రెండు గుక్కల నీళ్ళు తాగు. తర్వాత దగ్గరున్న డిఫెండర్‌ని పేరు పెట్టి పిలిచి వచ్చే ఆట గురించి ఒక మాట చెప్పు, "నైన్ నంబర్‌ని వదలకు" లాంటిది ఏదైనా. సారీ చెప్పకు, మ్యాచ్ అయ్యాక చెప్పొచ్చు. పట్టీ బిగించడంలో మహిమ ఏమీ లేదు, చేతులకి ఒక పని, నోటికి ఒక పని దొరికితే తల మళ్ళీ ఆటలోకి వస్తుంది, అంతే.

ఇంటికొచ్చాక సంగతి వేరు. ఆ గోల్ వీడియో ఉంటే ఒక్కసారి, పగటిపూట, కోచ్‌తోనో స్నేహితుడితోనో కలిసి చూడు. కారణం ఒక్క వాక్యంలో కాగితం మీద రాయి, "కాళ్ళు ఆగలేదు" అనో "చేతుల వెనక ఒళ్ళు లేదు" అనో. ఆ వాక్యం సోమవారం ప్రాక్టీస్‌కి పనికొస్తుంది. రాత్రి మంచం మీద ఫోన్‌లో పదిసార్లు చూడటం మాత్రం దేనికీ పనికిరాదు. ఇంకో రెండు వారాలైనా నిద్ర రాకపోతే, తిండి సయించకపోతే, మైదానానికి వెళ్ళాలంటేనే గుండె దడదడలాడితే ఇంట్లో చెప్పు, డాక్టర్‌ని కలువు. బఫన్ వెళ్ళాడు, నువ్వూ వెళ్ళొచ్చు.

ఆయన జాతీయ జట్టు ముగింపు కూడా ఒకసారి చూడు. 2017 నవంబర్ 13, మిలాన్‌లోని సాన్ సీరో మైదానం, ప్రపంచ కప్ అర్హత కోసం స్వీడన్‌తో ఆడిన రెండు మ్యాచ్‌ల్లో రెండోది, 0-0, మొదటి మ్యాచ్‌లో 1-0తో ఓడినందువల్ల ఇటలీ ప్రపంచ కప్‌కి వెళ్ళలేదు. అప్పటికే ఐదు ప్రపంచ కప్‌ల జట్లలో ఉన్నాడు, ఆరోది అందలేదు. ఆ రోజు మ్యాచ్‌కి ముందు స్వీడన్ జాతీయ గీతం వస్తుంటే సొంత అభిమానులు ఈలలు వేశారు, బఫన్ మాత్రం ఆ గీతానికి చప్పట్లు కొట్టాడు. మ్యాచ్ అయ్యాక కెమెరా ముందు ఏడ్చాడు, ఏడుపు దాచుకోలేదు. ఆ మ్యాచ్‌లో ఆయనకి ఒక్క గోల్ పడలేదు, అయినా పోయింది. మరుసటి మార్చిలో 176వ మ్యాచ్‌తో జాతీయ జట్టు ఆట ముగిసింది. క్లబ్‌లకు ఇంకా ఐదేళ్ళు ఆడి, సీరీ ఏలో 657 మ్యాచ్‌ల రికార్డుతో, మొదలుపెట్టిన పార్మాలోనే 2023 ఆగస్టులో ఆపేశాడు.

నీ విషయానికి వస్తే ఈ వారం ఒక్కటే చెయ్యి. ప్రాక్టీస్‌లో ఇరవై షాట్లు కొట్టించుకో, దగ్గర నుంచి, మామూలు వేగంతో. ఎన్ని ఆపావో లెక్కపెట్టకు, షాట్ తగిలే క్షణంలో నీ పాదాలు నేల మీద ఎన్నిసార్లు ఉన్నాయో లెక్కపెట్టు. వీడియో తీసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. తీసేటప్పుడు ఫోన్ గోల్ వెనకాల కాకుండా పక్కన, కాస్త కిందికి పెట్టించు, కొట్టేవాడి కాలు, నీ పాదాలు రెండూ కనిపించాలి.